పేదలందరూ పంపకాన్ని కోరరు, ధనికులందరూ కాదనరు

2025 సెప్టెంబరు 10న అనంతపురంలో ‘సూపర్ సిక్స్ – సూపర్ హిట్’ సభ జరిగింది. పింఛన్లు, తల్లికి వందనం, అన్నదాత సుఖీభవ, మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం వంటి పథకాల మీద వాదన రాయలసీమలో మరోసారి రాజుకుంది. అంతకు ఏడాది ముందే, 2024 లోక్‌సభ ఎన్నికల ప్రచారంలో, సంపదను పంచడం గురించీ వారసత్వ పన్ను గురించీ జాతీయ పార్టీలు ఒకదానినొకటి దుమ్మెత్తి పోసుకున్నాయి. అదే ఏడాది నవంబరు 5న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం, ప్రైవేటు ఆస్తులన్నిటినీ రాజ్యాంగంలోని 39(బి) అధికరణం చెప్పే ‘సమాజపు భౌతిక వనరులు’గా లెక్కించడం కుదరదని మెజారిటీ తీర్పు ఇచ్చింది.

ఈ వాదనలన్నిటి అడుగున ఒక ఊహ ఉంది. పేదవాడు పంచమంటాడు, ఉన్నవాడు వద్దంటాడు అన్నదే ఆ ఊహ. నిజంలో అలా జరగదు. ఉచిత విద్యుత్తుతో చీనీ (బత్తాయి) తోటను పారించుకునే పెద్ద రైతు దాన్ని హక్కుగా భావిస్తాడు. పది వేల జీతానికి దుకాణంలో పనిచేసే కుర్రాడు “పని చేయకుండా తినేవాళ్లు ఎక్కువయ్యారు” అని విసుక్కుంటాడు. ఇద్దరూ అబద్ధమాడటం లేదు. జనం మనసులో ఈ అభిప్రాయం ఎలా తయారవుతుందన్న ప్రశ్న మీద ఆర్థికవేత్తలు యాభై ఏళ్లుగా పనిచేస్తున్నారు. వారు తేల్చినదాన్ని మన జిల్లాల బతుకుతో కలిపి చూడటం ఈ వ్యాసం పని.

తీసుకోవడం, ఇవ్వడం: పునఃపంపిణీ అంటే ఏమిటి

ప్రభుత్వం కొందరి నుంచి పన్నుగా తీసుకొని, దాన్ని నగదుగానో, బియ్యంగానో, ఆసుపత్రి ఖర్చుగానో మరికొందరికి చేర్చడాన్ని ఆదాయ పునఃపంపిణీ అంటారు. ఆదాయం, సంపద వేరు. ఆదాయమంటే నెలనెలా, పంటపంటకూ వచ్చేది. సంపదంటే పొలం, ఇల్లు, బంగారం, వాటాల రూపంలో నిలవ ఉన్నది. మన దేశంలో చనిపోయినవారి ఆస్తి మీద ఎస్టేట్ డ్యూటీ 1953 నుంచి 1985 దాకా, సంపద పన్ను 1957 నుంచి 2015 దాకా ఉండేవి. 1973–74లో ఆదాయపు పన్ను అత్యధిక రేటు సర్‌ఛార్జితో కలిపి 97.75 శాతం. ఈ రోజు మనం చూస్తున్న పంపకమంతా ప్రధానంగా ఆదాయానికీ కొనుగోలుకూ వేసే పన్నుల మీద నడుస్తున్నదే. అందుకే 2024 ఎన్నికల వేడిలో ‘సంపద పంపకం’ గురించి జరిగిన రభసకూ, ఒకటో తారీఖున గడప దగ్గర చేతికందే పింఛనుకూ సంబంధం చాలామంది అనుకున్నంత దగ్గరిది కాదు.

“మేము కట్టే పన్నుతో వాళ్లు బతుకుతున్నారు” అన్న మాట తరచుగా వినిపిస్తుంది. ఇందులో సగం నిజం ఉంది. ఆదాయపు పన్ను కట్టేవారు జనాభాలో చిన్న భాగమే. 2024 జూలై 31 గడువు నాటికి దాఖలైన రిటర్నులు 7.28 కోట్లు, వాటిలోనూ పన్ను ఏమీ పడనివి ఎన్నో ఉంటాయి. 2025–26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల రూపాయల వార్షిక ఆదాయం వరకూ రిబేటు వల్ల పన్ను పడదు. అయితే జీఎస్టీ అందరూ కడతారు. నెలకు 12,000 వచ్చే ఇంట్లో 8,000 రూపాయలు పన్ను పడే సరుకులకు పోతాయనుకుందాం. సగటున 5 శాతం చొప్పున వాళ్లు కట్టేది 400. అంటే ఆదాయంలో 3.3 శాతం. లక్ష వచ్చే ఇంట్లో అలాంటి సరుకులకు 30,000 పోతే కట్టేది 1,500. అంటే ఆదాయంలో ఒకటిన్నర శాతం. రూపాయల్లో చూస్తే రెండో ఇల్లు దాదాపు నాలుగు రెట్లు కట్టింది. ఆదాయంలో వాటాగా చూస్తే మొదటి ఇంటి మీదే రెట్టింపు భారం పడింది. ఎవరు ఏ లెక్క చూసుకుంటే వారికి ఆ కోపం వస్తుంది.

ఐదు ఇళ్ల ఊరు: ఆర్థిక శాస్త్రం వేసిన మొదటి లెక్క

అలన్ మెల్ట్‌జర్, స్కాట్ రిచర్డ్ అనే ఇద్దరు అమెరికన్ ఆర్థికవేత్తలు 1981లో ప్రతిపాదించిన నమూనా ఈ చర్చకు పునాది. దాన్ని ఐదు ఇళ్లతో వివరించవచ్చు. నెల ఆదాయాలు 8,000, 10,000, 12,000, 20,000, 1,00,000 అనుకుందాం. మొత్తం లక్షా యాభై వేలు, సగటు 30,000. వరుసలో సరిగ్గా నడుమనున్న ఇంటి ఆదాయం, అంటే మధ్యస్థ ఆదాయం, 12,000 మాత్రమే. ఒక్క పెద్ద ఇల్లు సగటును పైకి లాగేసింది కనుక ఐదిళ్లలో నాలుగు సగటుకు కిందే ఉన్నాయి.

ఇప్పుడు అందరి దగ్గరా 10 శాతం పన్ను తీసుకొని, వచ్చిన 15,000ను ఐదిళ్లకూ సమానంగా మూడేసి వేలు పంచితే, మొదటి ఇంటికి నికరంగా 2,200, రెండో ఇంటికి 2,000, మూడో ఇంటికి 1,800, నాలుగో ఇంటికి 1,000 మిగులుతాయి. ఐదో ఇంటికి 7,000 పోతాయి. ఓటు పెడితే నాలుగు ‘అవును’, ఒక ‘కాదు’. ఈ లెక్క ప్రకారం సగటుకూ మధ్యస్థానికీ మధ్య ఎడం పెరిగేకొద్దీ, అంటే అసమానత ముదిరేకొద్దీ, ప్రజాస్వామ్యంలో పంపకం కోరే గొంతు పెరగాలి.

పెరగలేదు. ఎన్నో దేశాల్లో అసమానత పెరిగిన కాలంలోనే పన్ను రేట్లు తగ్గాయి. మన దేశంలో ఎస్టేట్ డ్యూటీ, సంపద పన్ను రద్దయినప్పుడు ఊళ్లలో ఎవరూ ధర్నాకు కూర్చోలేదు. లెక్క ఎక్కడ తప్పిందో వెతకడమే ఆ తర్వాతి పరిశోధన అంతా.

నేనెక్కడున్నాను, రేపెక్కడుంటాను

మొదటి లోపం: ఎవరి స్థానం ఏమిటో వారికే సరిగా తెలియదు. అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిరిస్‌లో జరిగి 2013లో ప్రచురితమైన అధ్యయనంలో, పేద కుటుంబాలు చాలావరకూ తమను తాము ఉన్నదానికన్నా పై మెట్టున ఊహించుకున్నట్టు తేలింది. అసలు స్థానం చెప్పాక అలాంటివారు పేదలకు సాయం పెంచాలని మరింతగా కోరారు. స్వీడన్‌లో ఇందుకు ఎదురు దృశ్యం కనిపించింది. అక్కడ చాలామంది తమను కింది మెట్టున ఊహించుకున్నారు. నిజం తెలిసినప్పుడు వారిలో కుడిపక్ష పార్టీల వైపు మొగ్గేవారు పంపకం తగ్గాలన్నారు, తక్కినవారి అభిప్రాయం మారలేదు. ఒకే రకం సమాచారం అందరినీ ఒకే దిక్కుకు నెట్టదన్నమాట.

మనదగ్గర ఈ గందరగోళానికి గణాంకాలు కూడా తోడవుతాయి. వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ 2024లో వెలువరించిన అంచనా ప్రకారం 2022–23లో దేశ ఆదాయంలో 22.6 శాతం, సంపదలో 40.1 శాతం పైనున్న ఒక్క శాతం మందిదే. ప్రపంచ బ్యాంకు మాత్రం అదే ఏడాది వినియోగ సర్వే ఆధారంగా భారతదేశపు గినీ సూచిక 28.8 నుంచి 25.5కు తగ్గిందంటుంది, సూచిక తక్కువైతే అసమానత తక్కువని అర్థం. ఒకటి ఆదాయాన్నీ ఆస్తినీ కొలిచింది, రెండోది ఖర్చును కొలిచింది. కోటీశ్వరుడు తన రాబడిలో తినేది కొద్దిగానే, మిగిలింది దాస్తాడు; ఇంటింటి సర్వేకు అతను దొరకడం కూడా కష్టం. మొదటి అంచనాకు కూడా పన్ను రికార్డుల్లోని ఖాళీలను ఊహలతో పూరించారన్న విమర్శ ఉంది. టీవీ చర్చల్లో ఒక్కో పక్షం ఒక్కో అంకె పట్టుకొని కూర్చోవడానికి కారణమిదే.

రెండో లోపం ఆశ. ఈ రోజు సగటుకు కిందున్నవాడు రేపు పైకి వెళ్తానని నమ్మితే, రేపు తన మీద పడబోయే పన్నును ఈ రోజే వ్యతిరేకిస్తాడు. రోలాండ్ బెనబూ, ఎఫె ఓక్ 2001లో దీన్ని గణితంగా నిరూపించారు. కొడుకు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాక ఇంట్లోవాళ్ల మాటతీరు మారడం అనంతపురంలో కొత్త సంగతేమీ కాదు. ఇదే ఆశకు గడువు ఉంటుందని ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1973లోనే హెచ్చరించాడు. ఆయన సొరంగంలో నిలిచిపోయిన వాహనాలను ఉదాహరణగా చెప్పాడు. మనం గువ్వలచెరువు ఘాట్‌ను తలచుకోవచ్చు. రెండు వరుసల్లో బండ్లు ఆగిపోయినప్పుడు పక్క వరుస కదిలితే మొదట సంతోషమే, మన వంతూ వస్తుందని. ఎంతసేపటికీ పక్క వరుసే కదులుతుంటే అదే సంతోషం కోపమవుతుంది.

బోరు, వజ్రం, కష్టం

నా దృష్టిలో ఈ మొత్తం చర్చకు గుండెకాయ ఇక్కడుంది. మనిషి తన జేబును లెక్కపెట్టుకోవడం కన్నా ముందు, ఎదుటివాడి సొమ్ము ఎలా వచ్చిందో తీర్పు చెప్పుకుంటాడు. కష్టంతో వచ్చిందని నమ్మితే ముట్టుకోవద్దంటాడు, అదృష్టంతోనో అక్రమంగానో వచ్చిందని నమ్మితే పంచమంటాడు. అల్బెర్టో అలెసీనా, జార్జ్-మారియోస్ యాంజెలెటోస్ 2005లో దీని ఆధారంగానే అమెరికా, ఐరోపాల మధ్య తేడాను వివరించారు. పేదరికానికి కారణం సోమరితనమని నమ్మేవారు అమెరికాలో ఎక్కువ, దురదృష్టమని నమ్మేవారు ఐరోపాలో ఎక్కువ. రెండుచోట్లా పన్నులు ఆ నమ్మకాలకు తగ్గట్టే ఏర్పడ్డాయి.

అమెరికన్లు, నార్వేవాసులతో చేసి 2020లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, ఇద్దరు పనివాళ్ల మధ్య కూలి ఎలా పంచాలో మూడో మనిషిని తీర్పరిగా పెట్టి అడిగారు. తేడా లాటరీ వల్ల వచ్చిందని చెబితే రెండు దేశాలవారూ ఎక్కువగా సమం చేశారు. పనితనం వల్ల వచ్చిందంటే తేడాను చాలావరకూ వదిలేశారు. పంచడంలో కొంత సొమ్ము వృథా అవుతుందని చెప్పినా తీర్పులు పెద్దగా మారలేదు. పథకాల మీద ‘వృథా ఖర్చు’ విమర్శను ఎంత గట్టిగా వినిపించినా జనం కదలకపోవడానికి ఇదొక కారణం కావచ్చు.

రాయలసీమలో చిక్కేమిటంటే కష్టాన్నీ అదృష్టాన్నీ విడదీయడం కుదరదు. పక్కపక్క పొలాల ఇద్దరు రైతులు ఒకే అప్పు తెచ్చి బోర్లు వేయించారనుకుందాం. ఒకరికి 300 అడుగుల్లో నీళ్లు పడ్డాయి. రెండో ఆయనకు 800 అడుగులు దింపినా దుమ్మే లేచింది. పదేళ్ల తర్వాత మొదటి రైతుకు చీనీ తోట, పట్నంలో ఇల్లు. రెండో రైతు కూలికి పోతున్నాడు. మొదటి రైతు తోటకు రాత్రింబవళ్లు కాపలా కాసిన మాట నిజం, ఎండిపోకుండా ట్యాంకర్లతో తడిపిన మాట నిజం. “నా రెక్కల కష్టం” అని అతను అంటే కాదనలేం. ఆ కష్టం చేసే అవకాశం భూమి అడుగున ఉన్న రాతి పగులు ఇచ్చిందన్నదీ కాదనలేం. గెలిచినవారికి తమ కష్టం ఎక్కువగానూ, ఓడినవారికి ఎదుటివారి అదృష్టం ఎక్కువగానూ కనిపిస్తుంది.

కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి, అనంతపురం జిల్లా వజ్రకరూరు ప్రాంతాల్లో తొలకరి వానలు పడగానే జనం పొలాల్లో వజ్రాలు వెతుకుతారు. ఇది దాదాపు శుద్ధమైన అదృష్టం. అయినా వజ్రం దొరికిన కూలీ మీద పన్ను వేయాలని ఎవరూ అనరు. ‘పేదవాడికి దేవుడిచ్చాడు’ అంటారు. అదే వజ్రం ఊరి పెద్ద భూస్వామికి దొరికితే ఆ మాటలో సంబరం ఉండదు. సొమ్ము ఎలా వచ్చిందన్నదాంతోపాటు, అది ఎవరికి వచ్చిందన్నదీ తీర్పును మారుస్తుందన్నమాట. పరిశోధకుల ‘అదృష్టం–కష్టం’ గీత ఇక్కడ సరిపోదని నాకనిపిస్తుంది.

గీతకు ఇవతలి ఇల్లు, అవతలి ఇల్లు

ముసలివాళ్లకూ దివ్యాంగులకూ ఇచ్చే పింఛన్ల మీద తగాదా తక్కువ. 2024 జూలైలో వృద్ధాప్య పింఛను 4,000కు, దివ్యాంగుల పింఛను 6,000కు పెరిగినప్పుడు సొమ్మెక్కడిదన్న ప్రశ్న వచ్చింది కానీ, వారు అనర్హులని ఎవరూ అనలేదు. 2025లో సదరం (వైకల్య) ధ్రువపత్రాల పునఃపరిశీలన మొదలయ్యాక జరిగిన గొడవ కూడా దివ్యాంగుడు అవునా కాదా అన్నదాని మీదే. దివ్యాంగుడికి ఇవ్వాలా అన్నదాని మీద కాదు. మనిషి చేతిలో లేని కారణంతో వచ్చిన కష్టానికి సాయాన్ని దాదాపు అందరూ ఒప్పుకుంటారు.

తగాదా ముదిరేది గీతల దగ్గర. బియ్యం కార్డుకు పల్లెలో నెల ఆదాయం 10,000, పట్నంలో 12,000 దాటకూడదు. మాగాణి అయితే మూడెకరాలు, మెట్ట అయితే పదెకరాలు దాటకూడదు. నెలకు 300 యూనిట్లకు మించి కరెంటు వాడకూడదు. ట్యాక్సీ కాని నాలుగు చక్రాల వాహనం ఉండకూడదు. కరవు సీమలో పదెకరాల మెట్ట అంటే వాన రాని ఏడాది పదెకరాల అప్పు అనే అర్థం.

మళ్లీ ఐదిళ్ల ఊరికి వద్దాం. అదే 10 శాతం పన్ను తీసుకొని, వచ్చిన 15,000ను మొదటి రెండిళ్లకే ఏడున్నర వేల చొప్పున ఇస్తే ఏమవుతుంది? రెండో ఇంటి ఆదాయం 10,000 నుంచి 16,500 అవుతుంది. గీత దాటిన మూడో ఇంటిది 12,000 నుంచి 10,800కు పడిపోతుంది. నిన్నటిదాకా తనకన్నా వెనకున్న ఇల్లు తనను దాటి పోయింది. ఓటు పెడితే రెండు ‘అవును’, మూడు ‘కాదు’. పేదలకు ఎక్కువ ఇవ్వాలన్న మంచి ఉద్దేశంతో పెట్టిన పథకం ఓడిపోయింది. ఓడించినవాడు లక్ష రాబడి ఉన్నాయన కాదు, ఆయనకు ఎలాగూ ఒక్క ఓటే. ఓడించింది పన్నెండు వేల ఇల్లు.

స్వీడన్ సామాజికవేత్తలు వాల్టర్ కోర్పి, యోకిమ్ పాల్మె 1998లో చెప్పింది ఇదే. పేదలకే గురిపెట్టిన పథకాల కన్నా, అందరినీ కలుపుకొనే పథకాలున్న దేశాల్లోనే చివరికి పేదలకు ఎక్కువ చేరింది. మధ్యతరగతి తన పథకమని కాపాడుకుంది కాబట్టి. దీన్ని తర్వాతి పరిశోధకులు కొందరు కొత్త గణాంకాలతో ప్రశ్నించారు, అప్పటంత బలంగా ఆ సంబంధం కనిపించడం లేదన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో మహిళల ఉచిత బస్సు ప్రయాణం, వ్యవసాయ ఉచిత విద్యుత్తు చాలావరకూ ‘అందరికీ’ తరహావి. బియ్యం కార్డు, తల్లికి వందనం ‘గీత’ తరహావి. అందరికీ ఇవ్వడంలో కూడా వంకర ఉంది: ఉచిత విద్యుత్తు ఎక్కువ మోటార్లున్నవాడికి ఎక్కువ అందుతుంది, పొలమే లేనివాడికి సున్నా. పీఎం కిసాన్ కింద ఏటా 6,000 భూమి పట్టా ఉన్నవారికి వస్తుంది. చేనిలో చెమటోడ్చే కౌలు రైతు ఖాతాలో అది పడదు.

2014లో ఇలియానా కుజియెంకో, సహచరులు మరో విషయం గమనించారు: కనీస వేతనానికి కాస్త పైన సంపాదించే అమెరికన్లే కనీస వేతనం పెంచడాన్ని మిగతావారికన్నా తక్కువగా సమర్థించారు. చిట్టచివరి మెట్టు మీదికి జారిపోతామన్న భయం అలాంటిది. మనదగ్గర ఈ మెట్లకు కులం కూడా తోడై ఉంటుంది కాబట్టి, ‘ఎవరికి అందుతోంది’ అన్న ప్రశ్న తరచూ ‘ఏ కులానికి అందుతోంది’ అన్న ప్రశ్నగా మారుతుంది.

కరువు పని కూలి రేటును మార్చినప్పుడు

గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఎండలో మట్టి తవ్వడానికి సిద్ధపడినవారే వస్తారు కాబట్టి దీనికి ఆదాయపు గీత అక్కరలేదు. అయినా భూమి ఉన్న రైతుల నుంచి బలమైన వ్యతిరేకత వచ్చింది: “కూలీలు దొరకడం లేదు, రేటు పెరిగింది.” ఇది వట్టి అపోహ కాదు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ ఉమ్మడి రాష్ట్రంలోని ఎనిమిది జిల్లాల్లో, వాటిలో కర్నూలు, అనంతపురం, కడప మూడూ ఉన్నాయి, ఈ పథకం చెల్లింపులను స్మార్ట్‌కార్డులతో మెరుగుపరిస్తే ఏమవుతుందో పరిశీలించారు. పేద కుటుంబాల సంపాదన 14 శాతం పెరిగింది. ఆ పెరుగుదలలో 86 శాతం ఉపాధి పనిలోంచి కాక బయటి సంపాదనలోంచి వచ్చింది. ప్రైవేటు పనుల్లో కూలి రేటు పెరిగింది, పని కూడా తగ్గకపోగా పెరిగింది.

ప్రభుత్వం ఖర్చుపెట్టింది ఒక రూపాయి అయితే, చేతులు మారిన సొమ్ము అంతకన్నా చాలా ఎక్కువన్నమాట, అందులో కొంత రైతు జేబులోంచే పోయింది. ఆ రైతు కోటీశ్వరుడు కాదు, వేరుశనగ ధర తన చేతిలో లేనివాడు. 2025 డిసెంబరులో ఈ పథకం స్థానంలో 125 రోజుల హామీతో పార్లమెంటు చేసిన కొత్త చట్టం, విత్తే కాలంలోనూ కోతల కాలంలోనూ మొత్తం 60 రోజుల వరకూ పనులు ఆపే వీలు కల్పించింది. రైతు ఫిర్యాదుకు చట్టం ఇచ్చిన జవాబది. కూలీల బేరసారాల బలం సరిగ్గా గిరాకీ ఉన్న రోజుల్లోనే తగ్గుతుందన్నది కూలి సంఘాల అభ్యంతరం. రెండు వాదనలూ ఒకే వాస్తవం మీద నిలబడ్డాయి.

సాయం అందితే జనం పని మానేస్తారన్న వాదన సంగతి వేరు. ఆరు అభివృద్ధి చెందుతున్న దేశాల్లోని ఏడు నగదు బదిలీ ప్రయోగాలను అభిజిత్ బెనర్జీ, సహచరులు 2017లో కలిపి చూస్తే, పని తగ్గిందనడానికి క్రమబద్ధమైన ఆధారం దొరకలేదు. ఆ దేశాల్లో మనది లేదు. అలాగే, పథకాలకు చేసే అప్పు రేపటి పన్నుగా మన పిల్లల మీదే పడుతుందన్న ఆందోళనకు ఈ ఫలితం సమాధానం కాదు. అది పని అలవాటు ప్రశ్న కాదు, ఖజానా ప్రశ్న. ప్రభుత్వం చేతికి వెళ్లిన రూపాయి సరైన గడపకు చేరుతుందా అన్న అపనమ్మకం కూడా విడిగా పనిచేస్తుంది. కుజియెంకో బృందమే 2015లో అమెరికన్లకు అసమానత వివరాలు చూపితే వారి ఆందోళన బాగా పెరిగింది, పన్నుల మీద అభిప్రాయం మాత్రం ఎస్టేట్ పన్ను విషయంలో తప్ప పెద్దగా కదల్లేదు. ప్రభుత్వం మీద నమ్మకం లేకపోవడం అందుకు ఒక కారణంగా వారు చూపారు.

మనుషుల మధ్య పంపకం, ప్రాంతాల మధ్య పంపకం

పథకాలంటే గిట్టని రాయలసీమ మనిషి కూడా వెనుకబడిన ప్రాంతానికి ప్రత్యేక నిధులు ఇవ్వాలంటే వెంటనే ఒప్పుకుంటాడు. రాష్ట్ర విభజన తర్వాత కేంద్రం సీమ నాలుగు జిల్లాలకూ ఉత్తరాంధ్ర మూడు జిల్లాలకూ జిల్లాకు 50 కోట్ల చొప్పున ఇచ్చినప్పుడు, అది చాలదన్నారే తప్ప పరాయి సొమ్మని ఎవరూ అనలేదు. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడుతుంది. ఆ లోటుకు సోమరితనం కారణమని ఎవరూ అనలేరు కనుక, భూస్వామీ కూలీ ఇక్కడ ఒకే మాట మీద నిలబడతారు.

ఢిల్లీ స్థాయికి వెళ్తే వరుస తారుమారవుతుంది. 15వ ఆర్థిక సంఘం కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటాలు లెక్కించేటప్పుడు పేద రాష్ట్రాలకు అనుకూలించే ‘ఆదాయ దూరం’ అనే కొలమానానికి 45 శాతం ప్రాధాన్యం ఇచ్చింది. 14వ సంఘం కాలంలో 4.305 శాతంగా ఉన్న ఆంధ్రప్రదేశ్ వాటా 4.047కు తగ్గింది. అప్పుడు మన నోటి నుంచి వచ్చిన ఫిర్యాదు, జనాభాను అదుపు చేసుకొని కష్టపడి పైకొచ్చినవారికి శిక్షా అన్నది, ఐదిళ్ల ఊరిలో పన్నెండు వేల ఇల్లు చేసిన ఫిర్యాదే.